ఎర్ర ఇటుకల టోక్యో స్టేషన్



టోక్యో నగరం నడిబొడ్డున, జపాన్ చక్రవర్తి ఉండే కోటకు ఎదురుగా, మూడంతస్తుల ఎర్ర ఇటుకల భవనం ఒకటి ఉంది. దాని పొడవు 335 మీటర్లు. ఉత్తరపు కొసన ఒక గుమ్మటం, దక్షిణపు కొసన మరో గుమ్మటం, నట్టనడుమ చక్రవర్తి కుటుంబం రాకపోకలకు కేటాయించిన ద్వారం. అదే టోక్యో రైల్వే స్టేషన్. స్టేషన్‌కు కోట వైపున్న పేటను మరునౌచి అంటారు. భవనం వెనక రోజుకు సుమారు మూడు వేల రైళ్లు వచ్చిపోతుంటాయి. బుల్లెట్ రైళ్లు ఉత్తరానికీ పడమరకూ ఇక్కడి నుంచే బయలుదేరతాయి. ఆ కప్పు కిందే ఒక ఆర్ట్ గ్యాలరీ ఉంది, 1915లో తెరిచిన ఒక హోటల్ ఉంది. టికెట్ గేటు దాటి బయటికి వచ్చిన ప్రయాణికుడు పదడుగులు వేస్తే గ్యాలరీ గుమ్మం ముందుంటాడు.

ఈ రోజు ఈ స్టేషన్ కథ మీకు చెప్పాలనుకున్నాను. దానికి కారణం ఉంది. పాత స్టేషన్ భవనం ఒక పక్కన, పెరుగుతున్న రద్దీ ఒక పక్కన నిలబడినప్పుడు, ఏదో ఒకటి వదులుకోక తప్పదని మనం చాలా తొందరగా ఒప్పేసుకుంటాం. పాతది కావాలంటే రైళ్లు లేని మ్యూజియం చేసుకోవాలి, రైళ్లు కావాలంటే పాతది పడగొట్టాలి అంటాం. టోక్యో స్టేషన్ ఈ రెండు దారుల్లోనూ నడవలేదు. అది కాలిపోయింది, కురచైపోయింది, కూల్చివేత అంచుదాకా వెళ్లింది. అయినా రైళ్లు నడుస్తుండగానే తిరిగి నిండుగా లేచి నిలబడింది. అదెలా జరిగిందో తెలుసుకోవడం మనకు ఇప్పుడు చాలా అవసరం.

జపాన్‌లో మొదటి రైలు మార్గం 1872లో షింబాషి నుంచి యొకొహామా వరకు పడింది. తర్వాత టోక్యోకు దక్షిణాన షింబాషి, ఉత్తరాన ఉఎనో పెద్ద స్టేషన్లయ్యాయి. రెండింటి నడుమ పట్టాలు లేవు. ఆ రెండింటినీ కలుపుతూ నగరం మధ్యలో ఒక కేంద్ర స్టేషన్ ఉండాలని ప్రభుత్వం తలపెట్టింది. నమూనా గీసే పని తాత్సునో కింగో అనే వాస్తుశిల్పికి అప్పగించారు. జపాన్‌లో ఆధునిక వాస్తువిద్య చదివి పట్టా పుచ్చుకున్న మొట్టమొదటి విద్యార్థుల్లో ఒకడు ఆయన. జోసయ్య కాండర్ అనే ఇంగ్లీషు గురువు దగ్గర చదువుకున్నాడు. బ్యాంక్ ఆఫ్ జపాన్ భవనం కూడా ఆయన చేతి మీదుగా లేచిందే. 1908లో మొదలైన స్టేషన్ నిర్మాణం 1914 డిసెంబరులో పూర్తయింది. ఆ నెల 20న ప్రయాణికులకు తలుపులు తెరిచారు. ఆ రోజుల్లో దక్షిణపు గుమ్మటం కింద నుంచి రైలెక్కేవారు, ఉత్తరపు గుమ్మటం కింద నుంచి బయటికి వచ్చేవారు.

భవనం కూర్చున్న నేల మెత్తటిది. అందుకని పదివేలకు పైగా పైన్ దుంగలు భూమిలోకి దిగగొట్టి, వాటి మీద పునాది వేశారు. ఇటుక గోడల లోపల ఉక్కు చట్రం నిలబెట్టారు. 1923లో భయంకరమైన భూకంపం వచ్చి టోక్యోలో చాలా భాగం నేలమట్టమైనప్పుడు, ఈ స్టేషన్ దాదాపు చెక్కు చెదరలేదు. తన కట్టడం ఆ పరీక్షలో నెగ్గిందని చూసుకోవడానికి తాత్సునో లేడు. 1919లో ప్రపంచాన్ని కుదిపేసిన ఇన్‌ఫ్లుయెంజాకు ఆయన బలైపోయాడు.

దేశ చరిత్ర ఈ స్టేషన్ గచ్చు మీద కూడా రాసి ఉంది. 1921లో ప్రధానమంత్రి హరా తకాషిని దక్షిణపు గుమ్మటం దగ్గర పొడిచి చంపారు. 1930లో మరో ప్రధాని హమగుచి ఒసాచిని ప్లాట్‌ఫారం మీద కాల్చారు. ఆ గాయం తిరగబెట్టి మరుసటి ఏడాది ఆయన చనిపోయాడు. ఈ రెండు ఘటనలకూ గుర్తుగా గచ్చులో చిన్న చిన్న గుర్తులు పొదిగారు. రోజూ లక్షల మంది వాటి పక్కనుంచే నడిచి వెళ్తుంటారు.

ఇక 1945 మే 25 రాత్రి. అమెరికన్ విమానాలు కురిపించిన బాంబులకు నగరంతో పాటు స్టేషన్ కూడా అంటుకుంది. రెండు గుమ్మటాలు కూలిపోయాయి. మూడో అంతస్తు కాలిపోయింది. యుద్ధం ముగిసేసరికి దేశంలో తిండికే కటకట. ఉక్కు లేదు, డబ్బు లేదు. ఉన్నంతలో బాగుచేశారు. కాలిన మూడో అంతస్తు తీసేసి, భవనాన్ని రెండంతస్తులకు తగ్గించారు. గుండ్రటి గుమ్మటాల స్థానంలో ఎనిమిది పలకల వాలు కప్పులు వేశారు. మూడు నాలుగేళ్లు ఆగితే చాలు, తర్వాత మంచి భవనం కట్టుకుందామనుకున్నారు. ఆ తాత్కాలిక కప్పే అరవై ఏళ్లు నిలిచింది. రెండు మూడు తరాల జపనీయులకు టోక్యో స్టేషన్ అంటే ఆ కురచ రూపమే. వాళ్ల బాల్యం, ఉద్యోగం కోసం పల్లె వదిలి వచ్చిన రోజు, అన్నీ ఆ వాలు కప్పుల కిందే గడిచాయి.

ఆ కాలపు రచయితలకూ ఈ స్టేషన్ తోడైంది. ఉచిదా హ్యక్కెన్ అనే వచన రచయితకు రైళ్లంటే ప్రాణం. 1952లో, జపాన్ రైల్వేలకు ఎనభై ఏళ్లు నిండిన సందర్భంగా, ఆయనను ఒక రోజు గౌరవ స్టేషన్ మాస్టరుగా పిలిచారు. పేరుమోసిన ఎక్స్‌ప్రెస్‌కు పచ్చజెండా ఊపి సాగనంపాల్సిన మనిషి, ఆ రైలెక్కి తానూ వెళ్లిపోయాడు. మత్సుమొతో సెయిచో 1957లో ఒక ప్రయాణాల పత్రికలో ధారావాహికగా మొదలుపెట్టిన నేరపరిశోధన నవల పేరు “బిందువులు, రేఖలు”. దాని కీలకమంతా ఈ స్టేషన్ టైంటేబుల్లోనే ఉంది. పదమూడో ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడికి పదిహేనో ప్లాట్‌ఫారం కనబడాలంటే మధ్య పట్టాల మీద రైలేదీ ఉండకూడదు. సాయంత్రం 5 గంటల 57 నిమిషాల నుంచి 6 గంటల ఒక నిమిషం దాకా, కేవలం నాలుగు నిమిషాలు మాత్రమే అలా ఖాళీ ఉంటుంది. ఆ నాలుగు నిమిషాల చుట్టూ నవల అల్లుకుంది. ఒక స్టేషన్ జనం జీవితంలో ఎంతగా కలిసిపోతే దాని టైంటేబులు సాహిత్యమవుతుందో ఊహించండి.

అంతటి స్టేషన్‌నే పడగొట్టాలన్న మాట వచ్చింది. 1970ల నుంచే ఆ ఆలోచన నలుగుతోంది. 1987లో జపాన్ జాతీయ రైల్వేలను ముక్కలు చేసి ప్రైవేటు కంపెనీలకు అప్పగించినప్పుడు అది మరింత ఊపందుకుంది. నగరం మొత్తంలో అత్యంత ఖరీదైన నేలల్లో ఒకటి అది. చుట్టూ ఆకాశాన్నంటే భవనాలు. మధ్యలో రెండంతస్తుల పాత ఇటుక కట్టడం. లెక్కలు తెలిసినవాళ్లకు అక్కడ కళ్ల ముందు ఎత్తైన టవర్లు కనబడ్డాయి.

అప్పుడు మామూలు పౌరులు ముందుకొచ్చారు. 1987లోనే ఎర్ర ఇటుకల టోక్యో స్టేషన్‌ను ప్రేమించేవారి సంఘం ఒకటి ఏర్పడింది. రచయితలు, నటులు, వాస్తుశిల్ప చరిత్రకారులు, గృహిణులు అందులో చేరారు. సుమారు లక్ష సంతకాలు సేకరించారు. ఆ సంతకాలు పెట్టినవాళ్లలో చాలామంది గుమ్మటాలున్న తొలి రూపాన్ని కళ్లారా చూసినవాళ్లు కారు. తమకు తెలిసిన కురచ స్టేషన్ కోసమే నిలబడ్డారు. అందాన్ని చూసి ముచ్చటపడి కాపాడుకోవడం తేలికే. దెబ్బతిన్నదాన్ని, అయినా మనదనుకున్నదాన్ని కాపాడుకోవడానికి ఎక్కువ ప్రేమ కావాలి.

అదే సమయంలో స్టేషన్ లోపల ఇంకో మార్పు మొదలైంది. కొత్తగా ఏర్పడిన తూర్పు జపాన్ రైల్వే కంపెనీ, 1987లో ఉత్తరపు గుమ్మటం కింద సంగీత కచేరీలు పెట్టడం ప్రారంభించింది. ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లే ఉద్యోగి చేతిలో బ్యాగుతో కాసేపు ఆగి వినేవాడు. 2000 సంవత్సరం దాకా ఆ కచేరీలు జరిగాయి. 1988లో స్టేషన్ భవనంలోనే టోక్యో స్టేషన్ గ్యాలరీ తెరిచారు. స్టేషన్ మనిషి దాటిపోయే చోటు మాత్రమే కాకూడదు, సంస్కృతి పరిమళించే చోటు కూడా కావాలన్నది దాని ఆశయం. గ్యాలరీ కోసం కొత్త గోడలు కట్టలేదు. పైన ఉన్న పూత తీసేసి, లోపలి ఇటుక గోడలనే బయటపెట్టి, వాటి మీదే చిత్రాలు వేలాడదీశారు.

ఆ గోడలను కాస్త దగ్గరగా చూద్దాం. మన తాపీ మేస్త్రులు ప్లాస్టరింగ్ పట్టు దొరకడానికి గోడకు గాట్లు పెడతారు కదా, అలాంటి గాట్లే అక్కడి ఇటుకల మీదా వరసగా కనిపిస్తాయి. 1910ల నాటి పనివాళ్ల చేతి దెబ్బలవి. ఇటుకల వరసల మధ్య అక్కడక్కడా నల్లటి ముక్కలుంటాయి. అవి ఇటుకలు కావు, చెక్కలు. లోపలి చెక్కపనికి మేకులు దిగడానికి గోడలో ఇటుక సైజులో కోసి పెట్టిన చెక్కముక్కలు. 1945 మంటల్లో బొగ్గయిపోయి అక్కడే ఉండిపోయాయి. గ్యాలరీ వాళ్లు వాటిని పీకేయలేదు, రంగు వేసి కప్పలేదు. 2016లో ఇటలీ చిత్రకారుడు మొరాండీ బొమ్మలు చూడవచ్చినవారైనా, 2019లో జపాన్ చిత్రకారుడు కిషిదా ర్యూసెయ్ బొమ్మలు చూడవచ్చినవారైనా, ఆ కాలిన గోడల మధ్య నుంచే నడిచారు. నగరానికి ఏం జరిగిందో అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. గోడే చెబుతుంది.

గ్యాలరీకీ కచేరీలకూ వచ్చిన జనం భవనం విలువను తమకు తామే తెలుసుకున్నారు. పాత కట్టడాన్ని కాపాడాలని గొంతు చించుకున్నంత మాత్రాన అది నిలబడదు. దాంట్లోకి మనుషులు వచ్చి కూర్చోవాలి, వినాలి, చూడాలి. అప్పుడే అది తమదనిపిస్తుంది. టోక్యోలో ఆ రెండు పనులూ పక్కపక్కనే జరిగాయి. బయట సంతకాలు, లోపల సంగీతం. 1999లో టోక్యో గవర్నరు, రైల్వే కంపెనీ అధ్యక్షుడు కలిసి భవనాన్ని తొలి రూపంలో పునరుద్ధరించాలని ఒప్పుకున్నారు. 2003లో ప్రభుత్వం దానిని ముఖ్యమైన సాంస్కృతిక ఆస్తిగా ప్రకటించింది.

మరి డబ్బు? పునరుద్ధరణకు సుమారు 5,000 కోట్ల యెన్లు కావాలి. ఇక్కడ వాళ్లు చూపిన తెలివి మనం బాగా గమనించాలి. ఆ స్థలంలో ఎన్ని చదరపు మీటర్ల దాకా అంతస్తులు లేపవచ్చో చట్టం చెబుతుంది. మూడంతస్తుల స్టేషన్ ఆ హక్కులో కొద్ది భాగమే వాడుకుంటుంది. మిగిలిన హక్కును చుట్టుపక్కల భవనాలకు అమ్ముకునే వీలు కల్పించారు. కొన్నవాళ్లు తమ టవర్లను మరింత ఎత్తు లేపుకున్నారు. ఆ డబ్బుతో స్టేషన్ తన పాత ఎత్తులోనే నిలబడింది. మన పట్టణాల్లో రోడ్డు వెడల్పు పనుల్లో స్థలం పోయినవాళ్లకు టీడీఆర్ బాండ్లు ఇస్తుంటారు. దాదాపు అదే సూత్రం. ఏ నేల ఖరీదు స్టేషన్‌ను మింగేస్తుందని భయపడ్డారో, ఆ ఖరీదే దాన్ని బతికించింది.

2007లో పని మొదలైంది. రైళ్లు ఆపలేదు. సుమారు డెబ్భై వేల టన్నుల బరువున్న భవనాన్ని తాత్కాలిక ఆధారాల మీద నిలిపి, దాని అడుగునున్న పాత పైన్ దుంగలను తొలగించి, కింద కొత్తగా నేలమాళిగలు తవ్వారు. వాటికీ భవనానికీ మధ్య రబ్బరు పొరలున్న 352 దిమ్మెలు, 158 ఆయిల్ డ్యాంపర్లు అమర్చారు. భూకంపం వస్తే ఆ కుదుపంతా అవి తీసుకుంటాయి, పైన ఇటుకల మీద ఒత్తిడి పడదు. తాత్సునో దుంగలతో చేసిన పనిని, వందేళ్ల తర్వాత ఇంజనీర్లు తమ కాలపు సామగ్రితో చేశారు.

పైన గోడల దగ్గర పని ఇంకా నేర్పుతో కూడుకున్నది. టోక్యో స్టేషన్ ఇటుకల మధ్య పాయింటింగ్ చదునుగా ఉండదు. గుండ్రంగా ఉబ్బి, సన్నటి తాడు పరిచినట్టు ఉంటుంది. అడ్డగీత, నిలువుగీత కలిసే చోట కూడా ఆ ఉబ్బు చెదరకూడదు. ఆ పనితనం దాదాపు మరుగున పడిపోయింది. మేస్త్రులు పాత గోడను చూసి, దానికి తగ్గ తాపీలు ప్రత్యేకంగా చేయించుకుని, పదేపదే సాధన చేసి పట్టుబడేలా చేసుకున్నారు. పాత రెండంతస్తుల గోడ మీద కొత్త మూడో అంతస్తు గోడ అతికినట్టు కాకుండా పుట్టినట్టు కనబడుతుందంటే అది వాళ్ల చేతి చలవే.

కప్పుకు పరిచే నల్లటి పలకరాళ్లలో కొన్ని ఈశాన్య తీరంలో, ఇషినొమాకి దగ్గరున్న ఒగత్సు అనే ఊరివి. 2011 మార్చి 11న సునామీ వచ్చినప్పుడు, స్టేషన్ కోసం సిద్ధం చేసిన పలకలు అక్కడే ఉన్నాయి. అవి బురదలో కొట్టుకుపోయాయి. అయినవాళ్లను, ఇళ్లను పోగొట్టుకున్న ఆ ఊరివాళ్లే పలకలను ఒక్కొక్కటీ ఏరి, ఉప్పునీరు పోయేలా కడిగి పంపారు. బాగున్నవాటిని పరీక్షించి టోక్యో స్టేషన్ కప్పుకు వాడారు. ఆ కప్పులో ఒక ఊరి కన్నీళ్లు, ఆత్మగౌరవం రెండూ ఉన్నాయి.

2012 అక్టోబరు 1న భవనం నిండు రూపంలో మళ్లీ తెరుచుకుంది. గ్యాలరీ కూడా ఉత్తరపు గుమ్మటం పక్కన కొత్త ద్వారంతో తిరిగి మొదలైంది. గుమ్మటం కింద నిలబడి తలెత్తితే, రెక్కలు చాచిన ఎనిమిది గద్దలు కనబడతాయి. వాటి దగ్గరే ఎనిమిది మూలల్లో ఎనిమిది జంతువుల బొమ్మలుంటాయి. జపనీయులు ఏడాదికి ఒకటి చొప్పున పన్నెండు జంతువులను లెక్కపెడతారు. దిక్కులకూ అవే గుర్తులు. గుమ్మటానికి ఎనిమిది మూలలే కాబట్టి ఎలుక, కుందేలు, గుర్రం, కోడి మిగిలిపోయాయి. సరిగ్గా నాలుగు దిక్కుల జంతువులవి. ఆ నాలుగూ దూరాన క్యూషూ దీవిలో, తకెఒ అనే ఊరి వేడినీటి బుగ్గల దగ్గర తాత్సునోయే నమూనా గీసిన ద్వారం పైకప్పులో ఉన్నాయని 2013లో బయటపడింది.

తలెత్తి చూసినవాళ్లు ఒకసారి కిందికి కూడా చూడాలి. గుమ్మటం కింద గచ్చు మీద రాళ్లతో పెద్ద వలయాల నమూనా పరిచి ఉంటుంది. యుద్ధం తర్వాతి పేదరికంలో వేసిన తాత్కాలిక కప్పు లోపలి నమూనా అది. పునరుద్ధరించేటప్పుడు ఆ కప్పును తీసేయక తప్పలేదు. కానీ అరవై ఏళ్లు ఎండావానా కాసిన కప్పును మరిచిపోకూడదని దాని ఆకారాన్ని నేల మీద పరిచారు. వైభవం రోజులు పైన, కష్టం రోజులు కింద. చరిత్రలో తమకు నచ్చిన పేజీలే ఉంచుకుని మిగిలినవి చింపేయకపోవడం నిజాయితీ. ఈ కట్టడంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది అదే.

శ్రోతలారా, ఈ కథ మనకెందుకంటే, మన దగ్గరా స్టేషన్లు మారుతున్నాయి. అమృత్ భారత్ స్టేషన్ల పథకం కింద దేశంలో 1,300కు పైగా స్టేషన్లను అభివృద్ధి చేస్తున్నారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు, శుభ్రమైన విశ్రాంతి గదులు కావాల్సిందే. ముసలివాళ్లు, దివ్యాంగులు, చంటిపిల్లల తల్లులు మెట్ల దగ్గర పడే పాట్లు అందరికీ తెలుసు. అయితే ఆ పనుల్లోనే 2025లో సికింద్రాబాద్ పాత స్టేషన్ భవనాన్ని పడగొట్టినప్పుడు ఎంతమంది బాధపడ్డారో కూడా చూశాం. టోక్యో స్టేషన్ తర్వాత రెండేళ్లకు, 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ మనకు ఇంకా ఉంది. గుమ్మటాలతో, మినార్లతో, నిజాం రైల్వే నాటి ఠీవితో నిలబడి, రోజూ రైళ్లను పంపుతోంది. రైళ్లు నడుస్తున్నా పాత భవనం నిలుస్తుందనడానికి రుజువు కోసం మనం టోక్యో దాకా వెళ్లనక్కర్లేదు. కానీ దాన్ని ఎలా బతికించుకోవాలో టోక్యోను చూసి నేర్చుకోవచ్చు.

2022 నుంచి మన స్టేషన్లలో ఒక స్టేషన్–ఒక ఉత్పత్తి పేరుతో స్థానిక చేతివృత్తుల స్టాళ్లు పెడుతున్నారు. మంచి మొదలు. దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాలి. అమ్మకం బల్ల పక్కన, ఆ కళ గురించి చెప్పే ఒక గది ఎందుకు ఉండకూడదు? పండగ రోజుల్లో స్టేషన్ హాలులో ఒక బుర్రకథ, ఒక తోలుబొమ్మలాట, ఒక నాదస్వర కచేరీ ఎందుకు జరగకూడదు? టికెట్టు కొని సభకు వెళ్లే అలవాటు లేనివాళ్లు, ఆ తీరిక లేనివాళ్లు కూడా రైలు కోసం స్టేషన్‌కు వస్తారు. కూలి పనికి వెళ్లేవారు, పరీక్షకు వెళ్లే విద్యార్థి, ఆసుపత్రికి వచ్చిన పల్లెటూరి రైతు. వాళ్ల దారిలోకి కళ రావాలి. ప్రజల సొమ్ముతో కట్టిన చోటు ప్రజల సంస్కృతికి నీడ ఇవ్వడం న్యాయం.

మీ ఊరి స్టేషన్‌లో పనులు మొదలవుతున్నాయని తెలిస్తే, నమూనా ఏమిటో అడగండి. పాత భవనం ఎప్పటిదో, ఎవరు కట్టారో మీ ఊళ్లోని రిటైరైన రైల్వే ఉద్యోగులను అడిగి రాసి పెట్టండి, ఫోటోలు తీయండి. బడిపిల్లలను తీసుకెళ్లి చూపించండి. కూల్చే ముందే మాట్లాడాలి. కూల్చాక మిగిలేది జ్ఞాపకం, దానికి కప్పూ గోడలూ ఉండవు. టోక్యో స్టేషన్‌ను మొదట కాపాడింది ఇంజనీర్లు కాదు, సంతకం చేసిన మామూలు మనుషులు. ఇంజనీర్లు, డబ్బు, చట్టం వాళ్ల వెనకే వచ్చాయి. మన ఊళ్లలోనూ ఆ వరసలోనే జరగాలి. ముందు మనం కదలాలి.